అరికాలికి గడి లేదు

మిల్లు గొట్టం పొగ మానేసిన తొమ్మిదో వారం
టోకెను నంబరు నలభై ఒకటి
నా బల్ల ముందుకొచ్చి కూర్చుంది.
పేరు తైస్తో. వయసు యాభై మూడు.
బూట్ల మీది మంచు కరిగి
ఉపాధి కార్యాలయం నేల మీద చిన్న మడుగు కట్టింది.
దానికేసి చూసి, క్షమించమన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు మూడో నంబరు యంత్రం మీద.
దరఖాస్తు చేతికిస్తే చదవలేదు.
మూల పట్టుకుని బొటనవేలితో రుద్దాడు,
కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు,
చెవి దగ్గర పెట్టి ఆడించాడు.
"ఎనభై గ్రాముల కాయితం. మాది కాదు.
మాదైతే ఇంత గలగల ఉండదు."

ఏడో గడిలో అడుగుతాం, నైపుణ్యాలు అని.
ఖాళీగా వదిలేశాడు.
"నాకేం వచ్చు, కాయితం వచ్చు" అన్నాడు,
ఊళ్ళో అందరికీ వచ్చిందే కదా అన్నట్టు.

నిజమే. ఈ ఊళ్ళో గంధకం కంపుని
ఎవరం కంపు అనుకోలేదు.
జీతాల వాసన అనేది మా అమ్మ.
ఇప్పుడు తాడు మీద ఆరేసిన దుప్పట్లకి ఏ వాసనా లేదు.
ముక్కుకి పండగ,
మిగతా ఒంటికి పస్తు.

హెల్సింకీ నుంచి మంత్రిత్వశాఖ వాళ్ళు వచ్చారు,
తెర మీద బాణం గుర్తులు వేసి చూపించారు.
తప్పు పట్టను. డబ్బు తెచ్చారు.
పద్దెనిమిది నెలల భృతి,
మళ్ళీ చదువుకునే వాళ్ళకి రుసుము,
తొంభై కిలోమీటర్ల అవతలి శిక్షణకి
పొద్దున్నే ఒక బస్సు.
ఆ బస్సు కోసం నేను పదకొండు ఉత్తరాలు రాశాను.
బాణాలు గీసినవాళ్ళకి
మనిషి అక్కడిదాకా ఎలా వెళ్తాడన్నది తోచలేదు.

మళ్ళీ అడిగాను:
రాత్రి షిఫ్టులో యంత్రం చెడిపోయే ముందు
నీకెలా తెలిసేది?
చాలాసేపు మాట్లాడలేదు. మా దేశంలో అది మర్యాదే.
తర్వాత అన్నాడు:
"అరికాళ్ళకి తెలిసేది.
బేరింగు పోబోతుంటే
నేల వణుకు ఒకచోట తడబడుతుంది,
నిద్రలో పిల్లాడి ఊపిరి లయ తప్పినట్టు.
వెళ్ళి ఆపేవాణ్ణి. అంతే."

అంతే అట.
ఆ అంతేని ఏ గడిలో రాయను?
కంప్యూటరు నాకు ముప్ఫై ఆరు మాటలిస్తుంది,
డ్రైవింగు, వెల్డింగు, బృంద స్ఫూర్తి.
అరికాలు లేదు.
"ఇతరములు" కింద అంతా కొట్టాను.
రెండు వందల అక్షరాలు దాటకూడదంది.
వణుకు తీసెయ్యలేక
బృంద స్ఫూర్తి తీసేశాను.

నేనూ ఈ బల్లకి అటువైపు కూర్చున్నదాన్నే,
టెలిఫోను ఫ్యాక్టరీ మూసిన ఏడు.
ఎదుటి మనిషి తలెత్తకుండా
నాకు పూల దుకాణం రాసిచ్చాడు.
పూలు దగ్గరకొస్తే తుమ్ములు నాకు.
అతను ఆ సంగతి అడగలేదు,
నేను చెప్పలేదు.

అందరికీ దొరకలేదు. అదీ రాయాలి.
ఇంపి, క్యాంటీనులో ఇరవై ఆరేళ్ళు వండిన మనిషి.
ఆమె బస్సెక్కితే
మంచాన పడ్డ మొగుణ్ణి చూసేదెవరు?
ఆమె కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది.
నెలాఖరు లెక్కలో ఆమె "స్పందించని వ్యక్తి".
నేను ఫోను చేస్తే మాత్రం
ముందు, భోంచేశావా అని అడుగుతుంది.

మార్చిలో తైస్తో మాట్లాడాడు,
సముద్రం ఒడ్డున గాలిమరల దగ్గర్నుంచి.
పాఠం చెప్పేవాడికి ఇరవై ఏడేళ్ళట.
తెర మీద అన్ని దీపాలూ పచ్చగానే వెలుగుతున్నాయట.
ఇతను బూట్లు విప్పి
ఇనప గచ్చు మీద మేజోళ్ళతో నిలబడ్డాడట.
కుర్రాడు నవ్వాడట.

"తర్వాత?"
"అతనూ విప్పాడు."

ఫోనులో కాసేపు గాలి.
నేను అడ్డు రాలేదు.